కాముని పున్నమి వారం, రెండు ఫైనళ్లు

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. 2025 మార్చి 9 ఆదివారం నుంచి నిన్న శనివారం దాక నడిచిన ఈ వారం ఉన్నది చూసిన్రా, ఏడాదంత వెతికినా నాకు గిసొంటి వారం ఇంకోటి దొరకదు. పొద్దుగాల లేస్తె ఇంక సల్లగనే ఉంటది, పదకొండు దాటిందంటె ఎండ సుర్రుమంటది. మామిడి పిందె పట్టింది. ఇంటర్ పోరగాళ్లు పరీక్షల్ల మునిగిన్రు, బడి పిల్లలకు నిన్నటి సంది ఒంటిపూట బడులు. నడుమల హోలీ. ఇటు కొసకు ఒక ఫైనల్, అటు కొసకు ఒక ఫైనల్.

ఆదివారం సంగతి మీకు తెల్వంది కాదు. దుబాయ్‌ల క్రికెట్ ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, మనకు న్యూజిలాండ్‌తోని. మధ్యాహ్నం రెండున్నరకు మొదలైతె, బువ్వ తిన్నోళ్లు తిన్నట్టే మా హాల్ల కూసున్నరు. పక్కింటోళ్లు, మీది పోర్షనోళ్లు, అందరు. 252 కొట్టాలె. రోహిత్, గిల్ కలిసి 105 పెట్టిన్రు, ఇగ గెలుపే అనుకున్నం. కోహ్లీ ఒక్క పరుగుకే ఎల్‌బీడబ్ల్యూ అయ్యేసరికి హాల్ల ఒక్కలు మాట్లాడితె ఒట్టు. రోహిత్ 76 కాడ స్టంపౌట్ అయినప్పుడు మా బాపు లేచి బయటికి పోయిండు. రాహుల్ నిదానంగ నిలవడి ఆడిండు, జడేజా ఫోర్ కొట్టిండు, ఇంకో ఓవర్ మిగిలుండంగనే అయిపోయింది. 2013 తర్వాత మళ్ల ఇప్పుడు ఆ కప్పు మనది. గల్లీల పటాకులు కాల్చిన్రు.

ఇగ పండుగ. మా గల్లీ పిల్లలు కొన్ని రోజుల సందే జాజిరి (హోలీకి పాడే కోలల ఆట) ఆడుకుంట ఇంటింటికి తిరుగుతున్నరు. వాకిట్ల నిలవడి కోలలు కొట్టుకుంట పాడుతుంటె లోపల ఎంత పనున్నా చెయ్యి ఆగుతది. బియ్యమో పైసలో ఇచ్చి పంపిస్తం. గురువారం రాత్రి చౌరస్తాల కాముణ్ణి కాల్చిన్రు. చుట్టాల ఇంట్ల నుంచి పిల్లలకు కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు), చక్కెర పేర్లు (చక్కెర బిళ్లల దండలు) వచ్చినయి.

మా పెదనాయిన ములుగు దిక్కు పోయి సంచెడు మోదుగు పూలు పట్టుకచ్చిండు. మీరు ఎన్నడన్న ఆ పువ్వును దగ్గర పెట్టుకొని చూసిన్రా? తొడిమె కాడ మెత్తటి నల్ల నూగు ఉంటది, ఒక రెక్క అచ్చం చిలుక ముక్కు లెక్క వంగుతది. రాత్రి గంజుల నీళ్లు మసలవెట్టి, పూలు ఏసి మూత పెట్టినం. తెల్లారి మూత తీస్తె నీళ్లన్ని నారింజ రంగు. చిటికెడు సున్నం కలిపితె ఎరుపు తిరుగుతది. పొద్దంత ఆడుకొని ఒక్క తానం చేస్తె పోయింది. దుకాణంల దొరికే ఆ వెండి రంగు పిల్లల మొఖాలకు పూసుడు మాత్రం నాకు అస్సలు నచ్చదు.

శనివారం ముంబైల డబ్ల్యూపీఎల్ (ఆడోళ్ల క్రికెట్ లీగ్) ఫైనల్. ముంబైకి హర్మన్‌ప్రీత్ 66 కొట్టింది, 149 అయినయి. ఢిల్లీ దిక్కు మన కడప పిల్ల శ్రీచరణి బౌలింగ్ ఏసింది. మారిజాన్ కాప్ 40 కొట్టి ఆటను కొస దాక గుంజుకచ్చింది. ఎనిమిది పరుగులతోని ముంబై గెలిచింది. ఢిల్లీ ఇట్ల ఫైనల్ల ఓడుడు వరుసగ మూడోసారి, నాకైతె మనసంత కలుక్కుమంది. గంత మంచి ఆట నడుస్తుంటె హాల్ల కూసున్నది నేను, మా అక్క బిడ్డ. అంతే. ఆదివారం కుర్చీలు సాలలే. శనివారం సోఫా ఖాళీ.

ఇది నాకు నిజంగ బాధ అనిపిస్తది. ఎందుకంటె మన దగ్గర ఆడపిల్లలు తక్కువ చేస్తలేరు. మన పర్వతగిరి మండలం కల్లెడ నుంచి దీప్తి జీవంజి, మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగంల, నిరుడు మేల జపాన్‌ల 400 మీటర్లు 55.07 సెకండ్లల్ల ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌ల పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. మొన్న జనవరిల అర్జున అవార్డు అందుకున్నది. భద్రాచలం పిల్ల గొంగడి త్రిష ఫిబ్రవరి 2 నాడు అండర్-19 ప్రపంచ కప్ ఫైనల్ల మూడు వికెట్లు తీసి, 44 కొట్టి నాటౌట్‌గ నిలిచింది. టోర్నీ మొత్తంల ఉత్తమ క్రీడాకారిణి కూడ తనే. ఫైనల్ నాడు మన హాల్లల్ల ఎంతమందిమి కూసున్నం చెప్పుండ్రి?

మా అక్క బిడ్డ ఆదివారాలు సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోతది. బ్యాట్ దాని నడుము దాక వస్తది. ఆడేటోళ్లను చూస్తెనే ఆడబుద్ధి అయితది పిల్లలకు, అది నేను కండ్లార చూస్తున్న.

ఈ ఏడాదే ఆడోళ్ల వన్డే ప్రపంచ కప్, అది కూడ పెట్టేది మన దేశమే. ఐపీఎల్ వచ్చే శనివారం మొదలైతది, 23న ఉప్పల్‌ల సన్‌రైజర్స్ ఆట, 30న ఉగాది. ఇవన్ని ఎట్లైనా చూస్తం. ప్రపంచ కప్‌కు మాత్రం పక్కింటోళ్లను, మీది పోర్షనోళ్లను నేను ఇప్పటి సందే పిలుస్తున్న. బాపు వస్తనన్నడు. మీ గల్లీల ఎవరెవరు చూస్తరో కింద రాయుండ్రి, వరంగల్ దిక్కోళ్లైతె మా ఇంటికే రాండ్రి.