పొగలో కార్బన్‌ను పట్టే ఖర్చు ఎవరిది?

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఇంజనీరింగ్ పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారు, కాబట్టి నేరుగా బాయిలర్ దగ్గరికే వెళ్దాం.

బొగ్గు ప్లాంటు పొగలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, నూటికి 12 నుంచి 14 పాళ్లే. దాన్ని విడదీయాలంటే పొగను అమీన్ అనే రసాయన ద్రావణంతో కడగాలి. వాయువును పీల్చుకున్న ద్రావణాన్ని మళ్లీ 120 డిగ్రీల దాకా కాచితేగానీ అది వదలదు. ఆ వేడి ఎక్కడిది? టర్బైన్ తిప్పాల్సిన ఆవిరే! యంత్రాల ధర ఒకసారి కట్టేది, ఈ ఆవిరి మాత్రం రోజూ కట్టే కప్పం.

కెనడాలో, సస్కాచెవాన్‌లోని బౌండరీ డ్యామ్ అనే బొగ్గు విద్యుత్ కేంద్రంలోని మూడో యూనిట్ చూడండి. అక్కడ కార్బన్ పట్టడం 2014 అక్టోబరులో మొదలైంది. పాత యూనిట్ బాగుచేతతో కలిపి సుమారు 150 కోట్ల కెనడా డాలర్లయింది. అంతకుముందు 139 మెగావాట్లిచ్చిన యూనిట్, ఇప్పుడు గ్రిడ్‌కిచ్చేది సుమారు 115. ఏటా 10 లక్షల టన్నులు పడతామన్నారు, చాలా ఏళ్లు అందుకోలేకపోయారు. అయినా లక్షల టన్నులు గాలిలో కలవకుండా ఆగాయి. అది చిన్న మేలు కాదు.

టెక్సస్‌లో, హ్యూస్టన్ దగ్గరి ఒక బొగ్గు ప్లాంటుకు పెట్టిన కార్బన్ పట్టే ప్లాంటు పెట్రా నోవా 2017లో మొదలైంది. పట్టిన వాయువును గొట్టంలో పాత చమురు బావులకు పంపి, చమురును పైకి తోయించేవారు. దాని రాబడి ఆ చమురుదే. 2020లో చమురు ధర పడిపోగానే ఆ కార్బన్ పట్టే ప్లాంటు ఆపేశారు, 2023లో గానీ మళ్లీ తెరవలేదు. ఆ మూడేళ్లూ బొగ్గు మండుతూనే ఉంది, పొగ పోతూనే ఉంది. నన్ను బాధపెట్టేది ఇదే. గాలి శుభ్రతను చమురు ధరకు ముడిపెట్టకూడదు.

మన దేశంలో ఎన్టీపీసీ 2022లో వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టింది. మంచి ప్రయోగం. కానీ లెక్క కట్టండి: 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే గంటకు 400 టన్నులకు పైగా వదులుతుంది. అంటే ఆ 20 టన్నులు దాదాపు మూడు నిమిషాల పొగ.

ఇంకో మాట. పొగలో గంధకం ఉంటే అమీన్ పాడైపోతుంది, అందుకే ముందు దాన్ని తీసేయాలి. మన ప్లాంట్లలో చాలావాటికి ఆ యంత్రమే లేదు. కార్బన్ సంగతి తేలేలోపు అదైనా పెట్టించండి. దాని ఫలితం చుట్టుపక్కల ఊళ్లవాళ్ల ఊపిరికి వెంటనే అందుతుంది.