కుడి సీటు వాళ్ళ సంగతి

(బెంగళూరులో తెలుగు రోటరీ కుటుంబాల సాయంత్రం చేసిన ప్రసంగం)

పెద్దలకు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు నమస్కారం. అధ్యక్షులవారు పది నిమిషాలిచ్చారు. డిసెంబరులో వచ్చే ఫ్లయింగ్ రోటేరియన్లకు, అంటే విమానాలంటే ఇష్టపడే రోటరీ సభ్యులకు, మీ ఇళ్ళలో ఆతిథ్యం ఇమ్మని అడగడం నా పని. మావారు ఆ ఫెలోషిప్‌లో సభ్యులు. నేను ఆయన పక్క సీటు.

1905లో షికాగోలో పాల్ హారిస్, ఆయన స్నేహితులు రోటరీ మొదలుపెట్టినప్పుడు వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కూడేవారట. ఈ ఎగిరేవాళ్ళూ అంతే, కాకపోతే ఏరోడ్రోముల్లో. విమానం ఉన్నవాళ్ళు అందులో వస్తారు, లేనివాళ్ళు మనలాగే టికెట్ కొనుక్కుని వస్తారు. మన దగ్గర మాత్రం ఇక్కడి చిన్న విమానాల ఏరోడ్రోము జక్కూరు నుంచి మైసూరు వెళ్ళి టిఫిన్ తిని రావాలన్నా ఫ్లయిట్ ప్లాన్ వేయాలి, వాయుసేన అనుమతికి ఏడీసీ నంబరు రావాలి, విమాన సమాచార కేంద్రం నుంచి ఎఫ్ఐసీ నంబరు రావాలి. చిన్న విమానాల ఇంజన్లకు పోసే పెట్రోలు, ఏవీగ్యాస్, 2022లో గానీ ఇండియన్ ఆయిల్ వాళ్ళు వడోదరలో తయారు చేయలేదు, అంతదాకా దిగుమతే. ఈ కష్టాలు మావారు చెబితే గంట. నేను వదిలేస్తున్నాను.

నా గోడు వేరే. ఎవరొచ్చినా కార్యక్రమం ఒకటే. పైలట్లకు హెచ్ఏఎల్ విమానాల మ్యూజియం, "లేడీస్"కి చిక్‌పేట పట్టుచీరలు. ఒకసారి జర్మనీ నుంచి ఒక జంట వచ్చి మా ఇంట్లో దిగారు. పైలటు ఆవిడ. మనవాళ్ళు ఆవిణ్ణి చీరల బస్సెక్కించి, ఆయన్ని మ్యూజియానికి తీసుకెళ్ళారు. ఆయనకు విమానాలంటే తలనొప్పి! సాయంత్రం ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని వచ్చి పెసరట్టు తిన్నారు. నవ్వకండి. 1929లోనే అమెరికాలో 99 మంది ఆడ పైలట్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. 1936లో లాహోరులో సరళా ఠక్రాల్ చీర కట్టుకునే జిప్సీ మాత్ అనే చిన్న విమానం నడిపింది. మనకింకా చీరల బస్సే.

సరే, అది మర్యాదకు సంబంధించిన సంగతి. ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించింది, కాస్త ఆ ఫోన్లు పక్కన పెట్టండి. 2012 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లో 80 ఏళ్ళ ఆవిడ ఒకరు భర్తతో సెస్నా అనే రెండింజన్ల చిన్న విమానంలో ఇంటికి వస్తున్నారు. గాల్లో ఉండగానే ఆయన స్పృహ తప్పారు. ఆవిడకు లైసెన్సు లేదు. 30 ఏళ్ళ కిందట ఆయనే పోరి కొన్ని పాఠాలు చెప్పించారట, అంతే. ఇంకో పైలటు పక్కనే తన విమానం నడుపుతూ దారి చెబుతుంటే, పెట్రోలు అయిపోయి ఒక ఇంజను ఆగిపోయినా, ఆవిడ కిందికి దించారు. ఆయన దక్కలేదు. ఆవిడ దక్కారు.

అమ్మా, మీలో కారు నడపడం వచ్చినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే! కారులో నడిపేవాళ్ళు కూర్చునే కుడివైపే విమానంలో మేం ఊరికే కూర్చుంటాం. మా ముందూ కంట్రోళ్ళుంటాయి. "ముట్టుకోకు" అంటారు. ఎన్నేళ్ళండీ ముట్టుకోకుండా?

అమెరికాలో పైలట్ల సంఘం ఏవోపీఏ, పక్క సీటు వాళ్ళ కోసమే పించ్ హిట్టర్ అని కోర్సు పెట్టింది. డిసెంబరులో మనం అంత చేయనక్కర్లేదు. ఇంజను స్టార్ట్ చేయకుండా, జక్కూరులో నిలబెట్టిన ఒక సెస్నాలో ఒక పూట కూర్చోబెట్టండి. రేడియోలో ఆపద ఫ్రీక్వెన్సీ 121.5 మీద, కాపాడండి అనే అర్థంలో మేడే అని మూడుసార్లు ఎలా పిలవాలి, రాడారుకు మన విమానాన్ని చూపించే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడు 7700 ఎలా పెట్టాలి, ఆటోపైలట్ స్విచ్ ఎక్కడుంది, ఇంజను శక్తిని పెంచి తగ్గించే త్రాటిల్ తగ్గిస్తే విమానం ముక్కు ఏమవుతుంది. ఒక ఇన్‌స్ట్రక్టరు, ఒక ఫ్లాస్కు కాఫీ చాలు. ఈ ఖర్చు కార్యక్రమంలో వేయమని కమిటీని నాలుగుసార్లు అడిగాను. "చూద్దాం మేడమ్" అన్నారు. అందుకే ఇవాళ మీ అందరి ముందు అడుగుతున్నాను. మగవాళ్ళు కూడా రావచ్చు, జర్మనీ ఆయన లాంటివాళ్ళు ఉంటారు కదా.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. అన్నట్టు, ఆతిథ్యం సంగతి. గది ఖాళీగా ఉన్నవాళ్ళు చెప్పండి, వచ్చేవాళ్ళు కారం తక్కువ తింటారు, అంతకుమించి ఇబ్బంది లేదు. పేర్లు మాత్రం నాకే ఇవ్వండి. మావారికిస్తే చీరల బస్సు జాబితాలో కలిపేస్తారు.