గొలుసు ఎక్కడ తెంచాలి?

(ఒక హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ప్రారంభం రోజున ఫిజిక్స్ టీచర్ ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, తల్లిదండ్రులకు, పొద్దుటి నుంచి ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. విద్యలో కంప్యూటర్ పాత్ర గురించి మాట్లాడమన్నారు. ముందు మాట్లాడినవాళ్లు అది బాగానే చెప్పారు కాబట్టి నేను నేరుగా ఒక ఆట దగ్గరికి వెళ్లిపోతాను.

సివిబాల్స్ అని బ్రౌజర్లో ఆడే ఆట, దాంట్లో క్రిస్మస్ లెవెల్స్ కూడా వచ్చాయి. రంగురంగుల బంతులు గొలుసులకు వేలాడుతుంటాయి. గొలుసు మీద మౌస్‌తో గీస్తే తెగుతుంది, బంతి వెళ్లి తన రంగు కుండలో పడాలి. అంతే.

బంతి ఊగుతోందనుకోండి, ఎప్పుడు తెంచాలి? పిల్లలు చాలామంది బాగా పైకి వెళ్లినప్పుడు తెంచుతారు, అక్కడి నుంచైతే దూరం పోతుందని. పోదు! ఊపు చివర వేగం సున్నా, తెంచగానే నిలువునా పడిపోతుంది. సరిగ్గా అడుగున తెంచితే వేగం అన్నిటికంటే ఎక్కువే కానీ బంతి అడ్డంగా బయల్దేరుతుంది. ఎక్కువ దూరం పోవాలంటే అడుగు దాటి పైకి లేస్తుండగా తెంచాలి. ఇదే ప్రశ్న బోర్డు మీద రాస్తే తల ఎత్తేవాళ్లుండరు, కుండ తప్పినప్పుడు మాత్రం "ఎందుకు సార్" అని వాళ్లే వెంటపడతారు.

ఇదివరకు నేను పనిచేసిన ఒక స్కూల్లో ఈ ఆట ఆడించానని ల్యాబ్‌కి తాళం వేశారు. క్రిస్మస్ సెలవుల ముందు రోజు, పిల్లలు వరండాలో నిలబడి చూస్తుండగానే వేశారు. ఇది పరీక్షలో వస్తుందా అని నన్నడిగారు. ఆట రాదు, లోలకం వస్తుంది కదండీ! తల్లిదండ్రులూ, మీరే చెప్పండి, అది చదువు కాకపోతే ఏది చదువు? ఆ తాళం సంగతి నేను మర్చిపోలేను.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఇలాంటి ఆటలు చాలావాటి వెనక బాక్స్‌టూడీ అనే ఫిజిక్స్ ఇంజిన్ ఉంటుంది. గురుత్వం, రాపిడి, ఢీకొనడం, ఇవన్నీ మామూలుగా సెకనుకు 60 సార్లు లెక్కగడుతుంది. దాని మొదటి ఉదాహరణలో గురుత్వ త్వరణం 10 అనే తీసుకున్నారు, మనం క్లాసులో తీసుకున్నట్టే. రాసినాయన ఎరిన్ కాటో, ఉచితంగా ఇచ్చేశాడు. యాంగ్రీ బర్డ్స్ ఆట దాని మీదే నడిచింది. 2011లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఆ ఆట చేసిన కంపెనీ వాళ్లు మాట్లాడాక ఒకాయన లేచి, మీరు వాడిన ఇంజిన్ ఏదని అడిగాడు. బాక్స్‌టూడీ అన్నారు. మరి ఆటలో దాని పేరు వేస్తారా అన్నాడు, వేస్తామన్నారు. అప్పుడు చెప్పాడు, నేనే ఎరిన్ కాటోనని! పిల్లలూ, ఈ పేరు నోట్సులో రాసుకోండి.

ఇలాంటి ఆటల్ని బ్రౌజర్లో నడిపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ని అడోబీ కంపెనీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, దాంతో అవి బ్రౌజర్లోంచి పోయాయి. ఇప్పుడు రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాతవి చాలా మళ్లీ నడుస్తున్నాయి, పైసా ఖర్చు లేదు.

హెడ్మాస్టర్ గారూ, శనివారం చివరి పీరియడ్ తొమ్మిదో తరగతికి ఈ ల్యాబ్ ఇవ్వండి. రఫుల్ నేను పెడతాను, పక్కనే ఉంటాను. తాళం చెవి మాత్రం ఆ రోజు నా దగ్గర ఉండనివ్వండి.