దీన్ని ఇంకా విడదీయగలమా?

శ్రోతలకు నమస్కారం.

మూలకం, సమ్మేళనం, మిశ్రమం. బళ్లో ఈ మూడు మాటలూ చదవనివాళ్లు మనలో తక్కువే. మూడు నిర్వచనాలు, కింద ఉదాహరణల పట్టిక, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇలా నేర్పడం వల్ల ఆ పాఠానికి చాలా అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. ఆ పట్టికలో ఒక్కో పేరు వెనక ఏళ్ల తరబడి సాగిన పరీక్షలున్నాయి. ఒక్కో పదార్థాన్నీ పట్టుకుని “దీన్ని ఇంకా విడదీయగలమా? విడదీస్తే దేనితో?” అని అడిగారు. నీళ్లతో, నిప్పుతో, ఆమ్లంతో, కరెంటుతో ప్రయత్నించారు. తేలినదాన్ని బట్టి పేరు రాశారు, అవసరమైతే రాసిన పేరు కొట్టేశారు. ఇవాళ మనం కూడా అదే ప్రశ్న అడుగుదాం. మొదట ఉప్పును అడుగుదాం.

బాపట్ల జిల్లా చినగంజాం, శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులకు పేరున్న ఊళ్లు. మన తీరం వెంట సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి ఎండకు వదిలేస్తారు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, దాదాపు 27 గ్రాములు. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇవన్నీ ఒకేసారి గడ్డకట్టవు, ఒక్కోదానికి ఒక్కో సమయం. ముందు కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం అడుక్కి దిగుతాయి. నీళ్లు ఇంకా చిక్కబడ్డాక ఉప్పు గల్లు కడుతుంది. మెగ్నీషియం లవణాలు మాత్రం చివరిదాకా నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ మిగిలిన నీళ్లు నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉంటాయి. అవి కూడా మడిలో ఎండిపోకముందే ఉప్పు రైతు వాటిని బయటికి వదిలేసి, ఉప్పును గట్టుకు లాగాలి. ఆలస్యమైతే ఆ చేదు ఉప్పుకు పడుతుంది. వానాకాలంలో జాడీలో కళ్లుప్పు చెమ్మగిల్లి నీరుకారుతుంది కదా, దానికి ముఖ్య కారణం అందులో మిగిలిపోయిన ఆ మెగ్నీషియం క్లోరైడే. గాలిలోని తేమను అది లాక్కుంటుంది.

ఇంత పనీ ఎండ చేసింది. దేనినీ పగలగొట్టలేదు. ఏది ఎప్పుడు బయటికొస్తుందో తెలిసిన మనిషి పక్కన నిలబడి చూసుకున్నాడు, అంతే. కలిసి ఉన్న పదార్థాలు ఎవరి గుణం వాళ్లు పోగొట్టుకోకుండా ఉండబట్టే ఇది సాధ్యమైంది. రసాయన శాస్త్రంలో ఇలాంటిదాన్ని మిశ్రమం అంటాం. మిశ్రమంలో పాళ్లు ఇంతే ఉండాలన్న కట్టుబాటు లేదు. గోదావరి కలిసే చోట సముద్రంలో ఉప్పదనం తగ్గుతుంది, అయినా అది సముద్రపు నీరే.

ఇప్పుడు ఆ ఉప్పులోంచి ఒక గల్లు తీసుకుని, ఇతర లవణాలేవీ లేకుండా బాగా శుద్ధి చేశామనుకుందాం. దాన్ని మెత్తగా నూరండి, ఉప్పే. నీళ్లలో కరిగించి మళ్లీ ఎండబెట్టండి, ఉప్పే. 801 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే కరిగి నీళ్లలా పారుతుంది, అప్పుడూ ఉప్పే. కానీ అలా కరిగిన ఉప్పులోకి కరెంటు పంపితే కథ మారిపోతుంది. ఒక కొసన సోడియం తేలుతుంది. కత్తితో కోయగలిగినంత మెత్తటి లోహం అది. నీటి చుక్క తగిలితే చురచురమంటూ మండుతుంది కాబట్టి కిరోసిన్‌లో ముంచి దాచాలి. ఇంకో కొసన క్లోరిన్ వస్తుంది. పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ వాయువు, ఘాటైన విషం. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దీన్నే. ఈ రెండూ కలిసిన ఉప్పును మనం రోజూ అన్నంలో కలుపుకుంటున్నాం. సోడియం గుణం గానీ క్లోరిన్ గుణం గానీ అందులో కనబడదు. ఇలా కలిసినవి తమ గుణాలు వదిలేసి మూడో పదార్థమైతే అది సమ్మేళనం.

సమ్మేళనానికి ఇంకో లక్షణం కూడా ఉంది. నౌపడ ఉప్పయినా, రాజస్థాన్ సాంభర్ సరస్సు ఉప్పయినా, ప్రయోగశాలలో తయారుచేసినదైనా, 100 గ్రాముల సోడియం క్లోరైడ్‌లో 39.3 గ్రాముల సోడియం, 60.7 గ్రాముల క్లోరిన్ ఉంటాయి. ఈ పాళ్లు మారవు. 1790ల చివర్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రూస్ట్ ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టాడు. గనిలో దొరికిన రాగి కార్బొనేట్‌నూ తాను తయారుచేసిన రాగి కార్బొనేట్‌నూ తూచి చూస్తే పాళ్లు ఒకటే. అప్పటికే పెద్ద పేరున్న మరో రసాయన శాస్త్రవేత్త బెర్తొలే దీన్ని ఒప్పుకోలేదు. పాళ్లు మారే లోహపు ఆక్సైడ్లు తాను చూశానన్నాడు. ఆ నమూనాలు నిజానికి రెండు వేర్వేరు ఆక్సైడ్లు కలిసిన మిశ్రమాలని ప్రూస్ట్ ఒక్కొక్కటిగా చూపించాడు. ఏళ్ల తరబడి సాగిన ఈ వాదం వల్లే మిశ్రమానికీ సమ్మేళనానికీ మధ్య గీత స్పష్టంగా పడింది. ఇద్దరూ ఎంతో మర్యాదగా వాదించుకున్నారని కూడా చెప్పుకుంటారు.

ఆ పాత నియమం ఇవాళ మనింట్లో పనికొస్తుంది. బీపీ ఉన్నవాళ్లను డాక్టరు ఉప్పు తగ్గించమంటారు. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్ల మీద మాత్రం ఉప్పు అని ఉండదు, సోడియం ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది. పాళ్లు మారవు కాబట్టి ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఎంత ఉప్పుకు సమానమో తెలిసిపోతుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. వంటసోడా నుంచి వచ్చిన సోడియం కూడా ఆ లెక్కలో ఉండొచ్చు, అయినా ఒంట్లోకి వెళ్లేది అదీ సోడియమే. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక సోడియాన్నీ క్లోరిన్‌నూ ఇంకా విడదీయగలమా? రసాయన పద్ధతుల్లో దేనితోనూ వీలుకాదు. అవి మూలకాలు. కానీ ఆ మాట చెప్పడానికి ఎంతో కష్టపడాల్సి వచ్చింది. క్లోరిన్ వాయువును స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1774లోనే తయారుచేశాడు. దానిలో ఆక్సిజన్ ఉందనీ, అదొక సమ్మేళనమనీ మహామహులంతా నమ్మారు. 1810లో లండన్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త బ్యాటరీ కరెంటుతో బొగ్గును తెల్లగా కాల్చి ఆ వాయువులో ఉంచాడు. ఆక్సిజన్ ఉంటే బొగ్గు దాన్ని లాక్కోవాలి. ఏమీ రాలేదు. ముప్పై ఆరేళ్లు సమ్మేళనాల్లో ఉన్న పదార్థాన్ని అప్పుడు మూలకాల్లోకి మార్చారు.

సున్నం కథ దీనికి తలకిందులు. తాంబూలంలోకి రాసుకునే సున్నం, గోడకు వేసే సున్నం అందరికీ తెలిసినవే. గుల్లలనో సున్నపురాయినో బట్టీలో కాల్చి ఇది తీస్తారు. 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే పారిస్‌లో అచ్చువేసిన మూలకాల పట్టికలో 33 పేర్లున్నాయి. వెలుతురు, వేడి కూడా అందులో ఉన్నాయి. కాల్చిన సున్నం కూడా ఉంది! దాని పక్కనే బెరైటా అనే మరో మట్టి కూడా ఉంది. మన మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి ఆ కుటుంబానిదే. ఎంత మండించినా, ఏ ఆమ్లంలో వేసినా అప్పట్లో ఆ మట్టిపదార్థాలను ఎవరూ విడదీయలేకపోయారు. విడదీయలేనంతవరకూ దాన్ని మూలకంగానే లెక్కపెడదాం, రేపు సాధనం దొరికితే మారుద్దాం అన్నది లావోజియే పద్ధతి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చేది ఈ నిజాయితీ. పైగా ఇవి లోహాల ఆక్సైడ్లు అయ్యుండొచ్చని ఆయన అప్పుడే అనుమానించాడు. ఫ్రెంచి విప్లవంలో 1794 మే 8న ఆయన్ను గిలటిన్ ఎక్కించారు. ఆ అనుమానం నిజమని తేలింది 1808లో. అదే డేవీ, అదే కరెంటుతో, సున్నంలోంచి కాల్షియాన్నీ బెరైటాలోంచి బేరియాన్నీ బయటికి తీశాడు.

గాలి విషయానికి వద్దాం. గాలి మిశ్రమమని మనకు తెలుసు. 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. గాలిని విపరీతంగా చల్లబరిచి ద్రవంగా మార్చి, మెల్లగా వేడెక్కనిస్తే మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ మరిగి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ మైనస్ 183 దాకా ఆగుతుంది. ఉప్పు మడిలో జరిగిన పనే ఇక్కడ చలిలో జరుగుతోంది. పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఇలాంటి ప్లాంట్లుంటాయి. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగులకు ఊపిరి అందని రోజుల్లో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ద్రవ ఆక్సిజన్ నింపుకుని బయల్దేరింది మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే.

అయితే గాలిలో ఇంకో పదార్థం వందేళ్లకు పైగా శాస్త్రవేత్తల చేతికి చిక్కకుండా ఉండిపోయింది. ఆ వెతుకులాట మొదలైంది తూకంలో చిన్న తేడా దగ్గర. ఇంగ్లండులో లార్డ్ రేలీ నైట్రోజన్ సాంద్రతను చాలా జాగ్రత్తగా కొలుస్తున్నాడు. గాలిలోంచి మిగతావన్నీ తీసేయగా మిగిలిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగింది. అమ్మోనియా వంటి సమ్మేళనాలను విడగొట్టి తీసిన నైట్రోజన్ 1.2505 గ్రాములే తూగింది. తేడా లీటరుకు ఏడు మిల్లీగ్రాములు కూడా లేదు. చాలామంది కొలతలో పొరపాటనుకుని వదిలేసేవారు. రేలీ వదల్లేదు. 1892లో పత్రికకు ఉత్తరం రాసి, కారణం ఎవరికైనా తోస్తే చెప్పమని అడిగాడు. విలియం రామ్సే ఆ పనిలో దిగాడు. గాలిలోని నైట్రోజన్‌ను ఎర్రగా కాలిన మెగ్నీషియం మీదుగా మళ్లీ మళ్లీ పంపాడు. నైట్రోజన్ అంతా మెగ్నీషియంతో కలిసిపోయింది. చివరికి దేనితోనూ కలవని ఒక వాయువు మిగిలింది. 1894లో ఇద్దరూ కలిసి దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఆర్గాన్. 1785లోనే కావెండిష్ గాలిలో విద్యుత్ మెరుపులు పుట్టించి పరీక్షిస్తే, అందులోని నైట్రోజన్‌లో నూట ఇరవయ్యో వంతుకు మించని చిన్న బుడగ ఎటూ కలవకుండా మిగిలింది. ఆయన ఆ సంగతి రాసిపెట్టాడు. అది ఆర్గానేనని తెలియడానికి 109 ఏళ్లు పట్టింది. గాలిలో ఆర్గాన్ వంతు 0.93 శాతం. మీరు కూర్చున్న గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులైతే అందులో సుమారు 260 లీటర్ల ఆర్గాన్ ఉన్నట్టే.

ఆర్గాన్ బంధువు హీలియంతో మన గుంటూరుకు ముడి ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం రోజున ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దూరదర్శిని పెట్టి సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. ఆ వెలుగులో కనబడిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని అదే ఏడాది లాకియర్ ఇంగ్లండులో గుర్తించాడు. భూమి మీద ఆ మూలకం రామ్సే చేతికి దొరికింది 1895లో.

నగల దుకాణంలో 916 అని ముద్ర చూస్తాం. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి వంటివి. అదొక మిశ్రమలోహం. స్టీలు గ్లాసు కూడా అంతే, ఇనుములో క్రోమియం, నికెల్ కలిపింది. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం నుంచి పర్షియా వర్తకులు కొనుక్కెళ్లిన ఉక్కు కొంచెం చిక్కు ప్రశ్న వేస్తుంది. అందులో ఇనుము ఉంది, ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉంది. ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం ఇనుముతో కలిసి ఐరన్ కార్బైడ్ అనే సమ్మేళనంగా మారి, మిగతా ఇనుము మధ్యలో పొరలు పొరలుగా ఉంటుంది. అంటే మూలకం, సమ్మేళనం కలిసిన మిశ్రమం ఒకే కత్తిలో ఉంది. ప్రకృతిలో ఇలాంటివే ఎక్కువ. పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రంగా గడుల్లో ఇమిడేవి తక్కువ.

“విడదీయలేకపోతే మూలకం” అన్న లావోజియే కొలబద్దకు ఒక లోటు ఉంది. విడదీయలేకపోవడం పదార్థం గుణమా, మన చేతకానితనమా అన్నది దానితో తేలదు. దీన్ని తేల్చింది ఇరవై ఆరేళ్ల హెన్రీ మోస్లీ. 1913లో, ఆ మరుసటి ఏడాది ఆయన ఒక్కో మూలకం నుంచి ఎక్స్ కిరణాలు పుట్టించి కొలిచాడు. వాటి పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్నది, మూలకానికొక మెట్టు చొప్పున క్రమంగా పెరిగింది. ఆ మెట్టు సంఖ్య పరమాణు కేంద్రకంలోని ధనావేశం, అంటే ప్రోటాన్ల లెక్క. అప్పటినుంచి మూలకం అంటే ప్రోటాన్ల సంఖ్య. సోడియం 11, క్లోరిన్ 17, కాల్షియం 20. మధ్యలో అరలు, పావులు ఉండవు. కాబట్టి ఏ మెట్టు ఖాళీగా ఉందో కూడా చెప్పగలిగాడు. 43, 61, 75 ఖాళీ అన్నాడు. 1915లో గలిపోలీ యుద్ధంలో ఆయన చనిపోయాడు. వయసు 27.

ఆయన చెప్పిన ఖాళీలన్నీ తర్వాత నిండాయి. 43వ మూలకం భూమి మీద దాదాపు దొరకదు, అది కాలంతో పాటు వేరే మూలకంగా మారిపోతుంది. మాలిబ్డినం అనే లోహపు రేకులో కృత్రిమంగా పుట్టినదాన్ని 1937లో ఇటలీలో గుర్తించారు. పేరు టెక్నీషియం. మీ ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రిలో బోన్ స్కాన్ చేసి ఉంటే, స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించిన మందులో ఉండేది చాలావరకు ఈ టెక్నీషియమే. ఆరు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. మర్నాటికి ఒంట్లో మిగిలేది చాలా తక్కువ.

నమస్కారం.