తర్వాత వేటు ఎవరి మీద? మేనేజర్‌ని వదిలేసి ఓనర్‌ని చూడండి

(స్క్రీన్ మీద: సిటీ గ్రౌండ్ స్టేడియం. స్కోరు 0-3)

2025 అక్టోబర్ 18, శనివారం. మనకి సాయంత్రం 5 గంటల మ్యాచ్. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సొంత గ్రౌండ్‌లో చెల్సీ చేతిలో 3-0తో ఓడిపోయింది. ఫారెస్ట్ ఓనర్ ఎవాంజెలోస్ మరినాకిస్ మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే సీట్లోంచి లేచి వెళ్లిపోయాడు. ఫైనల్ విజిల్ పడిన 18 నిమిషాలకి క్లబ్ ప్రకటన వచ్చేసింది, టీమ్‌ని నడిపే మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లూని తీసేశాం అని. ఆయన ఆ కుర్చీలో ఉన్నది 39 రోజులు. 8 మ్యాచ్‌లు, 2 డ్రాలు, 6 ఓటములు, గెలుపు సున్నా. తాత్కాలిక మేనేజర్లని పక్కన పెడితే ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ చరిత్రలో ఇంత తక్కువ రోజులకే ఇంటికి పోయినవాళ్లు లేరు.

ఓడాడు, పీకేశారు, ఇందులో విశేషం ఏముంది అంటారా? సరే. మరి ఆయనకి ముందు అదే కుర్చీలో ఉన్న నూనో ఎస్పిరిటో సాంటో సంగతి చూడండి. 2024-25లో ఫారెస్ట్‌ని 7వ స్థానంలో నిలబెట్టి, దాదాపు 30 ఏళ్ల తర్వాత యూరప్ పోటీలకి తీసుకెళ్లిన మనిషి. జూన్‌లో 2028 వరకు కొత్త కాంట్రాక్ట్ కూడా ఇచ్చారు. సెప్టెంబర్ 9న తీసేశారు. అప్పటికి లీగ్‌లో ఆడింది 3 మ్యాచ్‌లు, ఒకటి గెలుపు, ఒకటి డ్రా, ఒకటి ఓటమి. ఈ రికార్డు చూసి ఎవరి ఉద్యోగమూ పోదు. కానీ పోయింది.

అందుకే, తర్వాత ఎవరి పదవి ఊడుతుందో చెప్పాలనుకునేవాళ్లు ముందు చేయాల్సిన పని పాయింట్ల పట్టిక మూసేయడం. అది అబద్ధం చెప్పదు గానీ, మనం అడుగుతున్నది దాన్ని కాదు. మేనేజర్ని తీసేది ఓటములు కాదు, ఓనర్. ఆ ఓనర్‌కి ఎప్పుడు భయం వేస్తుంది, ఎప్పుడు కోపం వస్తుంది, అతని జేబులో ఇంకో పేరు ఉందా లేదా, ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

(స్క్రీన్ మీద: 20 మంది మేనేజర్ల ఫోటోలు, పక్కన ఆడ్స్)

ముందు ఆడ్స్, అంటే పందెం రేట్ల గురించి, ఎందుకంటే ఈ టాపిక్ ఎత్తగానే అందరూ చూపించేది అదే. ఇంగ్లండ్‌లో బుక్కీలు సీజన్ మొదలుకాకముందే 20 మంది మేనేజర్లకీ రేటు కట్టేస్తారు, ముందుగా ఎవరు పోతారు అని. మన దగ్గర బెట్టింగ్ నిషేధం, తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ జూదానికి చట్టం ఉంది, పైగా 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం కూడా చట్టం తెచ్చింది. కాబట్టి ఇది పందెం వీడియో కాదు, ఎవరైనా ఆశగా వచ్చి ఉంటే ఇప్పుడే వెళ్లిపోవచ్చు. ఆడ్స్‌ని సమాచారంగా ఎలా చదవాలో మాత్రం చెప్తాను.

2/1 అని ఉంటే, అంటే 1 పెట్టి గెలిస్తే 2 లాభం అని ఉంటే, 33 శాతం అవకాశం అన్నమాట. 4/6 అని ఉంటే 60 శాతం. కానీ 20 మంది శాతాలు కూడితే 100 దాటుతుంది, ఆ పైది బుక్కీ లాభం. ఇక అసలు మెలిక ఏంటంటే, వాళ్లు అడిగే ప్రశ్న ‘ఇతని పదవి పోతుందా’ అని కాదు, ‘అందరికన్నా ముందు ఎవరిది పోతుంది’ అని. అంటే 20 మందీ హాయిగా ఉన్న వారంలో కూడా ఎవరో ఒకరు ఫేవరెట్ అవ్వక తప్పదు. మనవాళ్లు దాన్ని పట్టుకుని ‘ఫలానా మేనేజర్ మెడ మీద కత్తి’ అని థంబ్‌నెయిల్ పెట్టేస్తారు. పైగా మ్యాచ్‌ల మీద పడే డబ్బుతో పోలిస్తే ఈ పందేల మీద పడేది చాలా తక్కువ, అందువల్ల కొద్ది మంది డబ్బు పెట్టినా రేటు కదులుతుంది, రేటు కదిలిందని పేపర్ రాస్తుంది, పేపర్ చూసి ఇంకొంతమంది పెడతారు, మళ్లీ కదులుతుంది. దీనికి తలా తోకా ఉండదు.

అదే బుక్కీల దగ్గర మనకి నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. మ్యాచ్ ఆడ్స్.

నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ ఔర్స్, మార్టిన్ వాన్ టౌల్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి టాప్ లీగ్‌లో 14 సీజన్ల లెక్కలు తీశారు. వాళ్లు చూసింది ఎన్ని పాయింట్లు వచ్చాయని కాదు, రావాల్సినవాటికీ వచ్చినవాటికీ తేడా ఎంత అని. రావాల్సినవి ఎన్నో బుక్కీల ఆడ్స్ చెప్తాయి. మీరే వేసుకోవచ్చు, కాలిక్యులేటర్ చాలు. మీ టీమ్ గెలిచే అవకాశం 50 శాతం, డ్రా 25 శాతం అనుకోండి. గెలుపుకి 3 పాయింట్లు కాబట్టి 1.5, డ్రాకి 1 కాబట్టి 0.25, మొత్తం 1.75. ఆ మ్యాచ్ ఓడిపోతే ఖాతాలో మైనస్ 1.75. గెలిస్తే ప్లస్ 1.25. ఇలా వారం వారం కూడుతూ పోండి. ఫారెస్ట్ సిటీ గ్రౌండ్‌కో లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌కో వచ్చి ఓడిపోయే చిన్న టీమ్‌కి పోయేది పెద్దగా ఉండదు, ఎందుకంటే ఓడుతుందనే అందరూ అనుకున్నారు. పెద్ద క్లబ్ సొంత గ్రౌండ్‌లో చిన్న టీమ్‌తో రెండు డ్రాలు చేసుకుంటే చాలు, పట్టికలో 8వ స్థానంలో ఉన్నా ఈ ఖాతా ఎర్రగా అయిపోతుంది. ఈ పోగుపడిన తేడాయే వేటుని బాగా పట్టిస్తుందని వాళ్లు తేల్చారు.

వాళ్లు ఇంకోటి కూడా తేల్చారు, అది ఓనర్లకి అస్సలు నచ్చదు. మేనేజర్‌ని మార్చాక ఫలితాలు మెరుగవుతాయి, నిజమే. కానీ అంతే దారుణంగా ఆడుతూ కూడా మేనేజర్‌ని మార్చని టీమ్‌లతో పోల్చి చూస్తే అవి కూడా అంతే మెరుగయ్యాయి. జ్వరం తగ్గే రోజున తాయెత్తు కట్టినవాడికి పేరొచ్చినట్టు, కొత్త మేనేజర్‌కి వచ్చే క్రెడిట్‌లో చాలా భాగం అదే.

(స్క్రీన్ మీద: వెస్ట్ హామ్ 2, మాంచెస్టర్ యునైటెడ్ 1)

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న ఎరిక్ టెన్ హాగ్ కేసు చూడండి. 2024 మేలో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. జులైలో కాంట్రాక్ట్ 2026 వరకు పొడిగించారు. అక్టోబర్ 27న వెస్ట్ హామ్ గ్రౌండ్‌లో మ్యాచ్. ఫస్ట్ హాఫ్‌లో యునైటెడ్ ఆటగాడు డాలో గోల్‌కీపర్‌ని కూడా దాటేశాడు, ముందు ఖాళీ గోల్, బంతి బార్ మీద నుంచి పైకి. చివర్లో ఇంజ్యూరీ టైమ్‌లో వీఏఆర్, అంటే వీడియో రీప్లే చూసి ఇచ్చిన పెనాల్టీ, వెస్ట్ హామ్ బోవెన్ కొట్టాడు, 2-1. మర్నాడు ఉదయం టెన్ హాగ్ లేడు. డాలో ఆ బంతిని లోపలికి తోసి ఉంటే ఆ వారం గడిచిపోయేదేమో. టెన్ హాగ్‌నీ అతని స్టాఫ్‌నీ పంపడానికి యునైటెడ్‌కి అయిన ఖర్చు సుమారు 1.04 కోట్ల పౌండ్లు, మన లెక్కలో 100 కోట్ల రూపాయలకి పైనే. ఆ పైన కొత్త మేనేజర్ రూబెన్ అమోరిమ్ కోసం లిస్బన్‌లోని స్పోర్టింగ్‌కి ఇంకో 1.1 కోట్ల యూరోలు.

వచ్చిందేంటి? టెన్ హాగ్ పోయేటప్పటికి 9 మ్యాచ్‌లకి 11 పాయింట్లు. ఆ సీజన్ మిగిలిన కాలంలో అమోరిమ్ చేతిలో 27 లీగ్ మ్యాచ్‌లు, 27 పాయింట్లు. మ్యాచ్‌కి ఒకటి! సీజన్ చివరికి 15వ స్థానం. అంటే అంత డబ్బు పోసి, ఉన్నదానికంటే కిందికి దిగారు. ఇలాంటి లెక్క చూశాక కూడా ‘మార్చితే సెట్ అవుతుంది’ అనేవాళ్లని నేనైతే ఒప్పించలేను.

ఇప్పుడు ఓపిక పట్టినవాళ్ల వైపు రండి. బ్రెంట్‌ఫర్డ్‌లో థామస్ ఫ్రాంక్ 2018 అక్టోబర్‌లో హెడ్ కోచ్ అయ్యాడు, మొదటి 10 మ్యాచ్‌ల్లో 8 ఓడాడు. తీయలేదు. తర్వాత ఆ క్లబ్‌ని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చింది అతనే. బ్రైటన్‌లో గ్రాహమ్ పాటర్ 2020-21లో 16వ స్థానం, పాయింట్లు లేవు గానీ టీమ్ సృష్టించే గోల్ అవకాశాల లెక్క, అదే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, బాగుంది. తీయలేదు. మరుసటి ఏడాది 9వ స్థానం. ఈ రెండు క్లబ్‌ల ఓనర్లు ఎవరో తెలుసా? మాథ్యూ బెన్‌హామ్, టోనీ బ్లూమ్. ఇద్దరూ పందేల లెక్కలతోనే డబ్బు చేసుకున్నవాళ్లు. అదృష్టం అంటే ఏంటో, అది ఎన్ని వారాలు ముఖం చాటేస్తుందో రోజూ చూసినవాళ్లు. అందుకే పది మ్యాచ్‌లకి హడావుడి పడరు. మీ క్లబ్ ఓనర్ షిప్పింగ్ వ్యాపారో, చమురు వ్యాపారో, ప్రైవేట్ ఈక్విటీ మనిషో అయితే ఆ ఓపిక ఉంటుందని అనుకోకండి. ఇదే పాటర్ 2022 సెప్టెంబర్‌లో చెల్సీకి వెళ్తే 2023 ఏప్రిల్ 2కల్లా పని అయిపోయింది. మనిషి అతనే, ఓనర్లు వేరు.

ఆర్సెనల్‌ది మధ్యస్థం. 2020 క్రిస్మస్‌కి 15వ స్థానం, వరుసగా 7 లీగ్ మ్యాచ్‌ల్లో గెలుపు లేదు, మేనేజర్ ఆర్టెటా అయిపోయాడని అందరూ రాసేశారు. డిసెంబర్ 26న చెల్సీని 3-1తో కొట్టాడు. 2021 ఆగస్టులో మళ్లీ మొదటి 3 మ్యాచ్‌లూ ఓటమి, పట్టికలో అట్టడుగు. అప్పుడూ ఉంచారు. తర్వాత 3 సీజన్లు వరుసగా రెండో స్థానం. ఓనర్ల పాత అలవాటు చూసినవాళ్లకి ఇది వింత కాదు, అక్కడ వెంగర్ మేనేజర్‌గా 22 ఏళ్లు ఉన్నాడు. దీనికి పూర్తిగా రివర్స్ వాట్‌ఫర్డ్, 2019-20 ఒక్క సీజన్‌లోనే ముగ్గురిని పంపించారు, మూడో అతన్ని ఇంకా 2 మ్యాచ్‌లు మిగిలి ఉండగా. ఆ ఏడాది కింది డివిజన్‌కి పడిపోయారు.

సరే, ఓనర్ ఎలాంటివాడో తెలిసింది. ఎప్పుడు వేటు వేస్తాడు?

క్యాలెండర్ తీయండి. లీగ్ ఆగిపోయి ఆటగాళ్లు దేశాల తరఫున ఆడటానికి వెళ్లే ఇంటర్నేషనల్ బ్రేక్ అంటే మేనేజర్లకి గండమే. కొత్తవాడికి రెండు వారాలు దొరుకుతాయి కదా. టోటెనమ్‌లో పొచెట్టినో పోయింది 2019 నవంబర్ బ్రేక్‌లో, కాంటే పోయింది 2023 మార్చి బ్రేక్‌లో, ఫారెస్ట్ నూనో 2025 సెప్టెంబర్ బ్రేక్‌లో. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ బ్రేకులు రెండూ కలిపి ఒకే పెద్ద బ్రేక్ చేశారు, కాబట్టి నా దృష్టిలో ఆ ముందు వారం మ్యాచ్‌లకి టెన్షన్ రెట్టింపు.

తర్వాతది, జేబులో పేరు ఉందా. పొచెట్టినోని రాత్రి పంపించారు, తెల్లారేసరికి మౌరిన్హో వచ్చేశాడు. ఇలాంటివి రాత్రికి రాత్రి జరగవు, ముందే మాట్లాడుకుని ఉంటారు. కాబట్టి మంచి పేరున్న మేనేజర్ ఎక్కడైనా ఖాళీ అయితే, అతని కోసం కాదు, అతన్ని తెచ్చుకోగల క్లబ్‌లలో కూర్చున్నవాళ్ల కోసం భయపడాలి. నూనోని ఫారెస్ట్ తీసేసిన 18 రోజులకి, 2025 సెప్టెంబర్ 27న, వెస్ట్ హామ్ పాటర్‌ని పంపించి అదే రోజు నూనోని తెచ్చుకుంది. పాపం ఆ పాటర్‌కి మళ్లీ!

ఇక మాటలు. క్లబ్ చెప్పే మాటల మీద నాకు నమ్మకం లేదు. 2017 ఫిబ్రవరి 7న లెస్టర్ తమ మేనేజర్ రానియెరీకి పూర్తి మద్దతు ఉందని అధికారికంగా ప్రకటన ఇచ్చింది. 5000/1 ఆడ్స్ మీద టైటిల్ గెలిపించిన మనిషి, అప్పటికి ఏడాది కూడా కాలేదు. 16 రోజులకి తీసేశారు. కాంట్రాక్టులూ అంతే, వుల్వ్స్ 2025 సెప్టెంబర్‌లో విటోర్ పెరీరాకి 3 ఏళ్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి నవంబర్ 2న సాగనంపింది.

మేనేజర్ మాటలు మాత్రం చెవులు రిక్కించి వినాలి. ఓనర్‌తో సంబంధం మునుపటిలా లేదని నూనో 2025 ఆగస్టులో ప్రెస్ మీట్‌లోనే చెప్పేశాడు. 2022 ఆగస్టులో లివర్‌పూల్ చేతిలో 9-0తో ఓడాక బోర్న్‌మత్ మేనేజర్ స్కాట్ పార్కర్, ఈ లెవల్‌కి మా టీమ్ సరిపోదన్నట్టు మాట్లాడాడు, 3 రోజులకి ఇంటికి. అమోరిమ్ 2026 జనవరి 4న లీడ్స్‌తో డ్రా తర్వాత, తాను వచ్చింది మేనేజర్‌గా, ఉత్త కోచ్‌గా కాదు అనే అర్థంలో మాట్లాడాడు. మర్నాడే పోయింది. అప్పుడు యునైటెడ్ ఎన్నో స్థానంలో ఉందో తెలుసా? 6. పట్టిక చూసి ఊహించేవాడికి ఇది అంతుబట్టదు, ప్రెస్ మీట్ చూసినవాడికి ఆ రాత్రే తెలిసిపోయింది.

నన్ను ఇప్పుడు ఒక పేరు చెప్పమంటారు, చెప్పను, మీరు ఈ వీడియో చూసేసరికి ఆ మనిషి ఇంకో క్లబ్‌లో ప్రెస్ మీట్ పెడుతూ ఉండొచ్చు. మీ క్లబ్‌కి గత 6 మ్యాచ్‌ల ఆడ్స్ తీసి ఇందాకటి లెక్క వేయండి, మైనస్ 5 దాటితే బ్రేక్ ఎప్పుడుందో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి కింద కామెంట్‌లో రాయండి. యునైటెడ్ ఫ్యాన్స్, మీరు మాత్రం పేరుతో పాటు తేదీ కూడా వేయండి, మీ దగ్గర పేర్లు తొందరగా మారిపోతున్నాయి.