లేజర్‌తో కాల్చేస్తే పోదా?

అందరికీ నమస్కారం. గుండె రక్తనాళంలో బ్లాక్ ఉందనగానే పేషెంటు తరఫువాళ్లు తరచుగా అడిగే మాట ఇది: "లేజర్‌తో కాల్చేస్తే పోదా డాక్టరు గారూ?"

కాల్చకూడదండీ. 1980లలో మొదట వాడిన ఆర్గాన్, యాగ్ లేజర్లు చేసింది ఆ పనే. పూడికతో పాటు నాళం గోడ కూడా మాడేది, ఒక్కోసారి చిల్లు పడేది.

దీనికి దారి దొరికింది ఆసుపత్రిలో కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్ 1981 నవంబరులో, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలకు తెచ్చి ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. అతినీలలోహిత కాంతి పడ్డచోట నున్నటి గాడి పడింది, అంచులు మాడలేదు. కంటిచూపు సరిచేసే లేసిక్ చికిత్సకూ మూలం ఇదే. మన దేశంలో చదువుకున్న మనిషి పేరు ఇక్కడ ఇంత తక్కువ మందికి తెలియడం నాకు బాధగా ఉంటుంది.

గుండెకు ఈ ఎక్సైమర్ లేజర్‌లోనే 308 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వాడతాం. అది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించి లోపలికి దిగదు. ముందు సన్నటి వైరు బ్లాకును దాటాలి. దాని మీదుగా లేజర్ క్యాథెటర్, అంటే లేజర్ కాంతిని మోసుకెళ్లే సన్నటి గొట్టం, వెళ్తుంది. అన్నిటికన్నా సన్నది 0.9 మిల్లీమీటర్లే. అసలు జాగ్రత్తంతా సెలైన్ దగ్గరే. రక్తం, ఎక్స్‌రేలో నాళం కనబడడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఈ కాంతిని పీల్చుకుంటే బుడగలు పుట్టి పేలతాయి, గోడ చీలిపోతుంది. అందుకే నాళాన్ని ముందు సెలైన్‌తో కడిగి, లేజర్ వేసినంతసేపూ ఎక్కిస్తూనే ఉంటాం. క్యాథెటర్‌ను సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున నెమ్మదిగా నెడతాం. ఇక్కడ తొందర పనికిరాదు.

మరి అందరికీ ఇదే చేయొచ్చు కదా? నెదర్లాండ్స్‌లో 308 మంది మీద జరిపి 1996లో ప్రచురించిన ఆమ్రో అధ్యయనంలో, ముందు లేజర్ వేసి బెలూన్ (నాళంలో చిన్న బుడగను ఉబ్బించి బ్లాకును వెడల్పు చేయడం) చేసినవాళ్లకూ ఉత్త బెలూన్ చేసినవాళ్లకూ ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మామూలు బ్లాకుకు లేజర్ అడగకండి.

అవసరం వేరే చోట ఉంది. వైరు దాటినా బెలూన్ దూరని బ్లాకులు, సరిగ్గా విచ్చుకోని పాత స్టెంట్లు (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టాలు), బైపాస్‌లో కాలి సిరతో కుట్టిన గ్రాఫ్టులు (పక్కదారి నాళాలు). ఈ సిర గ్రాఫ్టుల్లో దాదాపు సగం పదేళ్లకు మూసుకుపోతాయి. వాటిలోని పూడిక పెళుసుగా ఉంటుంది. బెలూన్‌తో ఒత్తితే ముక్కలు ఊడి కింది చిన్న నాళాలకు అడ్డం పడతాయి. లేజర్ ఆ సరుకును కొంత ముందే తగ్గిస్తుంది. ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, వీలైతే ఊడిన ముక్కలను పట్టే ఫిల్టర్ కింద పెట్టుకుంటాం. తర్వాత బెలూన్, స్టెంట్ మామూలే. రాయిలా గట్టిపడ్డ కాల్షియం అయితే మాత్రం లేజర్ కన్నా, వేగంగా తిరుగుతూ దాన్ని అరగదీసే రోటాబ్లేటర్ మేలు.