మిద్దె మీద గుమ్మడి పువ్వులు: ఏది కోయాలి, ఎలా వండాలి

నమస్తే అండి. ఇవాళ మన మిద్దె తోటలో గుమ్మడి పాదు నుంచి పువ్వులు కోసి బజ్జీలు, పప్పు చేద్దాం. కాయల కోసం గుమ్మడి పెంచుకునేవాళ్లు కూడా ఉండండి, మీకు పనికొచ్చే ముక్క మధ్యలో వస్తుంది.

ముందు పెంచడం గురించి గబగబా చెప్పేస్తా. తీపి గుమ్మడి గింజలు, అదే కూరకు కోసినప్పుడు లోపల ఉంటాయి కదా, బాగా ముదిరిన కాయవైతే అవే చాలు. మొక్క పెట్టే బ్యాగు మాత్రం పెద్దది కావాలండి. ఇది చూడండి, 24 అంగుళాలది. మట్టి, పశువుల ఎరువు, కొంచెం కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొడి, కొంచెం వేప పిండి. అంగుళం లోతున గింజ. వారంలో మొలక, నెలన్నర అటూ ఇటూగా పూత. జూన్, జూలైలో పెట్టుకోవచ్చు, లేదంటే సంక్రాంతి దాటాక. పందిరి ఉంటే పందిరి, లేదంటే ఇలా పిట్టగోడ మీదికి పాకించేయండి. అంతే.

ఇక అసలు సంగతికి వద్దాం. కొంచెం కెమెరా దగ్గరికి... ఆ. ఈ పువ్వు చూడండి. కాడ ఎలా ఉంది? సన్నగా, పొడుగ్గా, నేరుగా పువ్వులోకి వెళ్లిపోయింది. ఇది మగ పువ్వు. ఇప్పుడు ఇది చూడండి. పువ్వు కింద చిన్న గోళీ అంత పిందె ఉంది, కనిపిస్తోందా? ఇంకొంచెం దగ్గరగా... ఇదిగో ఇది. ఇది ఆడ పువ్వు. దీన్ని కోస్తే కాయ పోయినట్టే. అందుకని మనం తినేది మగ పువ్వుల్ని.

చాలామంది అడుగుతుంటారు, ‘పాదు నిండా పువ్వులే, అన్నీ రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి’ అని. మందేమీ అక్కర్లేదండి. మొదట్లో వచ్చేవి అన్నీ మగ పువ్వులే. ఆడవి తర్వాత నిదానంగా మొదలవుతాయి, అవీ తక్కువే వస్తాయి. మగ పువ్వు ఒక్క పొద్దున పూస్తుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, రాలిపోతుంది. దాని తీరే అంత. రాలేదాకా ఆగకుండా మనం కోసుకుంటున్నాం, అంతే తేడా.

ఇంకోటి, త్రీజీ కటింగ్. ఇప్పుడు మిద్దె తోట వాళ్లందరూ అదే మాట. చివర్లు తుంచితే పిల్ల కొమ్మలొస్తాయి, వాటి మీద ఆడ పువ్వులు ఎక్కువ వస్తాయి అని. మంచిదే, కాయలు కావాలంటే చేసుకోండి. నేనైతే గుమ్మడికి చెయ్యను. నాకు పువ్వులు కావాలి, రెండు మూడు కాయలు నిలబడితే చాలు.

సరే, టైమింగ్. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే దీంట్లోనే అంతా ఉంది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది లోపు. పువ్వు అప్పుడే పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. కాయ కట్టాలంటే మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకి అంటాలి; మీ మిద్దె మీదికి తేనెటీగలు బాగా వస్తుంటే ఆ పని అవే చూసుకుంటాయి. రాకపోతే చేత్తో చెయ్యాలి. ఇలా, మగ పువ్వు కాడతో సహా కోస్తాం. రేకులు వెనక్కి తుంచేస్తాం. ఈ రేకులు పారెయ్యకండి, ఈ గిన్నెలో వేసుకోండి, పప్పులోకి. ఇప్పుడు మధ్యలో ఈ పసుపురంగు పుప్పొడి అంటుకున్న కాడ మిగిలింది. దీన్ని తీసుకెళ్లి ఆడ పువ్వు మధ్యలో, ఈ గుబ్బల మీద, మెల్లగా అద్దాలి. చుట్టూ. ఒక పక్కే అద్దితే కాయ వంకర పోవచ్చు. ఇటు కూడా... ఇటు కూడా. ఆ, అయింది.

బ్రష్ వాడొచ్చా అంటే వాడొచ్చు. నాకు ఇష్టం ఉండదు, సగం పొడి బ్రష్‌కే అంటుకుని ఉండిపోతుంది. పువ్వుతోనే హాయి.

అన్నట్టు, సొర, బీర పాదులు ఉన్నవాళ్లు పొద్దున్నే చూసి పువ్వు విచ్చుకోలేదేంటి అనుకోకండి. అవి సాయంత్రం పూస్తాయి. వాటికి ఈ పని సాయంత్రం చెయ్యాలి.

మిగిలిన మగ పువ్వుల్లో మూడు నాలుగు పాదు మీదే వదిలేయండి, రేపటి ఆడ పువ్వులకు మగ మొగ్గలున్నాయో లేదో కూడా చూసుకోండి. తక్కినవి కోసేయండి. నాకైతే ఈ చిన్న కత్తెర, దారాలు కత్తిరించేది, దీనికి మించింది లేదు.

మందుల సంగతి. తినే పువ్వులు కదా, పూత మొదలయ్యాక పాదు మీద ఏదీ కొట్టకండి. ఆకులు తినే ఆ ఎర్ర పెంకు పురుగులు ఉంటాయి చూడండి, తెల్లవారుజామున మందకొడిగా ఉంటాయి, ఏరి సబ్బు నీళ్లలో వేసేయడమే. పూజ కోసం బజార్లో కొన్న పువ్వులు, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు అప్పటికే ఉన్న పువ్వులు వంటకి వాడొద్దు. ఇంకా, పువ్వు కదా అని ఏదిపడితే అది తినెయ్యకూడదు. గన్నేరు, ఉమ్మెత్త విషం. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇక వంటింట్లోకి. పువ్వుని ఇలా తెరిచి లోపల చూడండి. చీమలుంటాయి, ఒక్కోసారి తేనెటీగ కూడా నిద్రపోతుంటుంది. దులిపేయండి. మధ్యలో పుప్పొడి ఉన్న కాడ తీసేయాలి, చేదు. కింద ఈ పచ్చగా గరుకుగా ఉన్నవి గిల్లేయండి. నీళ్లలో ఒకసారి ముంచి తీసి బట్ట మీద బోర్లించండి. నానబెట్టొద్దు.

పిండికి: కప్పు శనగపిండి, రెండు స్పూన్ల బియ్యప్పిండి, వాము, ఉప్పు, కారం. వాముని చేత్తో నలిపి వేయండి. సోడా వద్దు, నూనె పీల్చేస్తుంది. ఇప్పుడు నీళ్లు. చూడండి, మిరపకాయ బజ్జీ పిండిలా ముద్దగా ఉంటే పువ్వు రుచే తెలీదు. దానికంటే జారుగా ఉండాలి. గరిటె ఎత్తితే... ఇదిగో, ఇలా జారాలి. పల్చగా పట్టి, లోపల పసుపు రంగు కనిపిస్తుండాలి. ఒడియా వాళ్లు అయితే నానబెట్టిన బియ్యం రుబ్బి ఆ పిండిలో ముంచుతారు, అది ఇంకా కరకరలాడుతుంది. టైం ఉంటే అలా చెయ్యండి.

నూనె కాగాక మంట మధ్యస్తంగా పెట్టి, పువ్వుని కాడ దగ్గర పట్టుకుని ముంచి వదలండి. తిప్పండి. తీసేయండి. ఎక్కువసేపు అక్కర్లేదు.

పప్పు అయితే ఇంకా సులువు. పెసరపప్పు పలుకుగా ఉడికించి పెట్టుకోండి. పోపులో ఎండుమిర్చి, వెల్లుల్లి, ఒక టమాటా. అది మగ్గాక ఇందాక దాచిన రేకులు తరిగి వేయండి. గిన్నెడు రేకులు గుప్పెడు అయిపోతాయి, కంగారుపడకండి. పప్పు కలిపి రెండు నిమిషాలు, దించేయడమే. చివర్లో నిమ్మరసం, స్టవ్ కట్టేశాక.

బజ్జీలు మాత్రం వెంటనే తినాలి, చల్లారితే మెత్తబడిపోతాయి. పొద్దున కోసి సాయంత్రం వండాలంటే తడి బట్టలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మర్నాటికి మాత్రం ఉంచకండి. పిండి మిగిలితే ఒక ఉల్లిపాయ తరిగి అందులో వేసేయండి.